అతుకుల కొల్లప్పన్న

మా కొల్లప్పన్నకు ఎవరికీ లేదని చెప్పడం చేతకాదు. దాంతో ఎప్పుడూ సంజీవమ్మ వదిన ప్రాణం మీదికే వచ్చేది. పక్కింటివాణ్ణి, రోజూ చూసి చూసి విసిగినవాణ్ణి, అందుకే చెబుతున్నా.

నాగలమడిక పక్కన మా ఊళ్లో పగిలిన ప్లాస్టిక్ బిందెలకు అతుకు వేసేది ఆయనొక్కడే. విరిగిన కొడవలిని పొయ్యిలో కాల్చి, పాత బిందె ముక్కను పగులు మీద పెట్టి కరిగించి అదిమేవాడు. వీధంతా కంపు. కూలి దోసెడు శెనక్కాయలు, అవీ ఇస్తేనే. నోరు తెరిచి అడగడానికి మహానుభావుడికి సిగ్గు.

తొంభైలో శెనక్కాయ పంట ఊడలు దిగకముందే ఎండిపోయింది. బావులూ ఎండాయి. రెండు రోజులకోసారి ట్యాంకర్, ఇంటికి ఒక్క పాత్ర. సరిగ్గా అప్పుడే కువైట్‌లో యుద్ధమొకటి వచ్చిపడింది. హొసకోట అంగళ్లలో బిందె ధర ఉన్నట్టుండి పెంచేశారు. ఇదేం అన్యాయమని అడిగితే, పెట్రోలు తీసే నూనెతోనే ప్లాస్టిక్ కూడా చేస్తారట, అక్కడ నూనె ఆగితే ఇక్కడ బిందె ప్రియమవుతుందట. నీళ్లకే గతిలేని మాకు ఆ ఎడారి కొట్లాట కూడా తగులుకుంది.

కొత్తది కొనలేక అందరూ అన్న దగ్గరికే వచ్చారు. అతుకుకు ముక్క కావాలి కదా. ఇదివరకు పగిలిన బిందెలు ఆయన దొడ్లో పడేసి పోయేవాళ్లు. ఇప్పుడు వాటిలో రాగులు పోసి దాచుకుంటున్నారు. అడిగితే ఒక్కరూ ఇవ్వలేదు. తమ బిందె మాత్రం అతకాలి.

ఒకరోజు ఎల్లక్క వచ్చి ఏడ్చింది. ఇంట్లో బాలింత కూతురు, తెల్లారితే ట్యాంకర్, ఉన్న ఒక్క బిందె చీలింది. వదిన కరువు పనికి పోయింది. అన్న దొడ్లోకి వచ్చి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నీలం బిందె మూతి దగ్గర కత్తి పెట్టాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అంచే కదప్పా. అంత పైకి నీళ్లు యాడ నింపుతాము" అన్నాడు.

ఎల్లక్క బిందె అతికిందని తెలిసి ముత్తక్క వచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు. ముక్క ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. ఈయన కాదనలేక కోస్తూ పోయాడు. సాయంత్రానికి అడుగు మాత్రం మిగిలింది. నాకు ఒళ్లు మండి లేచొచ్చేశాను.

వదిన వచ్చి చూసింది. బూడిద తీసుకుని వంట గిన్నె తోముకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

తెల్లారి ట్యాంకర్ దగ్గర వంట గిన్నె పట్టుకుని నిలబడింది. రెండు రోజులకు ఆ ఇంటికి అవే నీళ్లు. ముత్తక్క నిండు బిందె చంకన పెట్టుకుంటూ, బిందె ఏమైందని అడిగింది.

వదిన వరుసంతా చూసింది. ఎర్ర బిందెలు, పచ్చ బిందెలు, అన్నిటికీ నీలం అతుకులే.

"మా బిందె ఈడే ఉండాది ముత్తక్కా. మీ అందరి బిందెల్లో ఉండాది" అంది.

ఆమె గిన్నె నిండడానికి ఎంతోసేపు పట్టలేదు.