ముద్దుల మేస్త్రి తిరగేసిన కొండ

అచ్చాఫీసులో ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అందరికీ ఆయన ముద్దుల మేస్త్రి. అపార్థం చేసుకోకండి, మనిషి బుద్ధిమంతుడే. రంగుల బొమ్మల ఫిల్ములు అమర్చి అచ్చు ప్లేట్లు తయారుచేయడం ఆయన పని. ఫిల్ముకు ఒకవైపు మందు పూత ఉంటుంది. ఆ వైపు ఏదో చూసుకోకుండా తిరగేసి పెడితే బొమ్మలో కుడి ఎడమై కూర్చుంటుంది. పసుపు దీపం గుడ్డి వెలుగులో రెండు వైపులూ ఒక్కలాగే కనిపిస్తాయి కనక, మేస్త్రి ఫిల్ము అంచును తడి పెదవికి ఆనించి చూసేవాడు. అంటుకుంటే పూత, జారితే నునుపు. అలా రోజుకు పాతిక ముప్ఫై ముద్దులు.

"ఇంట్లో ఆవిడ వాటా కూడా ఇక్కడే ఖర్చుపెట్టేస్తున్నావేంటయ్యా?" అని బైండింగువాళ్ళు ఏడిపించేవాళ్ళు.

పెళ్ళైన మూడోవారంలో ఆయన్ను కందిరీగ కుట్టింది. ఒంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా పై పెదవి మీద. కొత్త పెళ్ళికొడుకు వాచిన పెదవితో పనిలోకి వచ్చి "కందిరీగ" అంటే నమ్మినవాడు ఒక్కడూ లేడు. సరిగ్గా ఆ రోజే కొత్త సంవత్సరం క్యాలెండరు బొమ్మ టేబులు మీదికి వచ్చింది: ఒక సరస్సు, దాని ఒడ్డున నెత్తి మీద చీలిక ఉన్న పెద్ద కొండ. నాలుగు రంగులకు నాలుగు ఫిల్ములు. మేస్త్రి మొదటిదాన్ని పెదవికి ఆనించబోయాడు, మంటెత్తింది, "ఇదేలే" అనుకొని అమర్చేశాడు. మొదటిది తిరగబడ్డాక మిగిలిన మూడూ దాని అంచుల్లోని గుర్తుల మీదే బుద్ధిగా జత కూడాయి. బొమ్మలో ఒక్క అక్షరం ఉన్నా తప్పు అప్పుడే బయటపడేది. కొండకు అక్షరాలెక్కడివి?

అచ్చు పూర్తయ్యాక, అసలు ఫోటో పక్కన పెట్టి చూసుకుంటే ఆయన గుండెల్లో రాయి పడింది. అసలు ఫోటోలో కొండ కుడివైపు, క్యాలెండర్లో ఎడమవైపు. వెళ్ళి యజమానికి చెప్పాడు.

యజమాని రెండింటినీ తీరిగ్గా చూశాడు. "ఎవరైనా కనిపెట్టారా?"

"లేదండి."

"మరి నువ్వెందుకయ్యా కనిపెట్టావు? నోరు మూసుకో. కొండ వచ్చి కేసేం పెట్టదులే."

ఫోటో తీసినాయన అప్పటికే ఎక్కడో ఎడారిలో ఒంటెల వెంట తిరుగుతున్నాడు. అడిగేవాడు లేడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఊరుకుంటే పోయేదేమో కానీ, ఆ బొమ్మకు అదృష్టం పట్టింది. పర్యాటక శాఖవాళ్ళు అచ్చాఫీసు నుంచే దాన్ని తీసుకొని పోస్టర్లు వేశారు. ఆ తర్వాత బస్సుల వెనక, బిస్కెట్ల డబ్బాల మీద, డాక్టర్ల గదుల్లో, ఎక్కడ చూసినా అదే కొండ, అదే ఎడమవైపు. సెలవుల్లో ఎక్కడికెళ్దామని మాటొస్తే జనం చెయ్యి చాపి ఆ బొమ్మనే చూపించేవాళ్ళు. దేశంలో సగంమంది గుర్తుపట్టే కొండ, నిజంగా ఎక్కడా లేని కొండ. చేసింది తన చేతులే. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పోస్టరు కనబడితే చాలు, మేస్త్రి ఎదుటి వీధిలోకి దాటేసేవాడు.

ఇంట్లో మాత్రం దాటే వీల్లేకపోయింది. ఆయన భార్యకు ఆ బొమ్మంటే ప్రాణం. తేదీలు కత్తిరించేసి, అద్దం ఫ్రేము కట్టించుకొచ్చింది. "ముందు గదిలో పెడదామండీ, వచ్చినవాళ్ళు చూస్తారు" అంది. వచ్చినవాళ్ళు చూడటమే ఆయన భయం. అందుకని పడకగదిలో, మంచం తలగడవైపు గోడకు ఎత్తుగా కొట్టాడు. అక్కడైతే పడుకున్నా కనబడదు, కూర్చున్నా కనబడదు. దానికి ఎదురుగా బట్టల బీరువా, దాని తలుపుకు నిలువుటద్దం. తప్పును తన కంటికి ఆనకుండా దాచేశాననుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఏడు భార్య దారిలో గడపలు తన్నుకోవడం మొదలుపెట్టింది. పక్కన పెట్టిన గ్లాసు కనబడేది కాదు. కళ్ళ డాక్టరు రకరకాల దీపాలు వేసి చూసి, చూపు అంచుల నుంచి మూసుకొస్తోందనీ, ఇప్పటికే గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తోందనీ, మందులు వేసినా ఏడాదికి మించి ఆగదనీ చెప్పాడు. ఆ డాక్టరు గది గోడ మీద కూడా ఎడమవైపు కొండ ఉంది.

బస్సులో ఆవిడ ఏడవలేదు. "ఏమండీ, నాకేం వద్దు గానీ, ఒక్కసారి ఆ కొండ చూపించండి. అది చూసేస్తే ఇంక ఎలా ఉన్నా సరే" అంది.

అడగక అడగక ఆవిడ అడిగింది ఒక్కటి, ఆ ఒక్కటీ ఆయన పాడుచేసినదే. తీసుకెళ్తే, ఇన్నేళ్ళూ ప్రేమించిన బొమ్మ అబద్ధమని ఆవిడ ఆఖరి చూపులో తేలిపోతుంది. తీసుకెళ్ళకపోతే ఆ అబద్ధంతోనే చీకట్లోకి వెళ్ళిపోతుంది. రెండు వారాలు తిండి సయించలేదు. చివరికి టిక్కెట్లు తీశాడు.

ఒడ్డుకు దిగే మలుపు ఇంకా రాకముందే, కొండా సరస్సూ దూరం నుంచి కనబడే చూపుతావు, అదే వ్యూ పాయింట్, వచ్చింది. అక్కడ పర్యాటక శాఖవాళ్ళు నిలువెత్తు పోస్టరు పెట్టి, కింద "ఇక్కడ నిలబడి ఫోటో తీసుకోండి" అని రాశారు. జనం పోస్టరు చూసి, కొండ చూసి, మళ్ళీ పోస్టరు చూస్తున్నారు. మెడలో ఈల వేసుకున్న గైడు, నలభై ఏళ్ళావిడ, అలవాటుగా నవ్వింది.

"అందరూ అడుగుతారు బాబాయిగారూ, కొండ అటు తిరిగిందేంటని. ఫోన్లో బొమ్మ తిప్పుకుంటే సరిపోతుందని చెప్తాం. తిప్పుకునే పోతారు."

నిజంగానే తిప్పుకుంటున్నారు. ఇంత దూరం వచ్చి, కళ్ళెదుట ఉన్న కొండను పోస్టరుకు సరిపడేలా దిద్దుకొని, సంతోషంగా బస్సెక్కుతున్నారు. మనం ఊళ్ళు చూడటానికి పోతున్నామా, బొమ్మ సరిపోయిందో లేదో తనిఖీ చేయడానికి పోతున్నామా?

మేస్త్రి భార్య చెయ్యి పట్టుకొని పోస్టరు దాటించి, మలుపు తిప్పి, ఒడ్డుకు దించాడు. అప్పుడు తలెత్తాడు.

దూరపు కొండలు నునుపంటారు. ఇది దగ్గరికొచ్చేకొద్దీ గరుకు, ఆ గరుకే ఆయనకు ఊపిరి ఆడనివ్వలేదు. పగుళ్ళు, పగుళ్ళలో పొదలు, పొదల్లోంచి లేచే పక్షులు. మబ్బు దాని నడుము దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. తల ఎత్తాడు, ఇంకా ఎత్తాడు, మెడ పట్టేసేదాకా ఎత్తాడు. చీలిక అంటే ఏదో గీత అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అందులో ఒక వీధి పడుతుంది. నీటి రంగు చూశాడు. ఏ రంగు చూసినా నీలం ఎంత, పసుపు ఎంత అని పాళ్ళు చెప్పగల మనిషి. ఈ నీటికి చెప్పలేకపోయాడు. మబ్బు నీడ కదిలినప్పుడల్లా లెక్క మారిపోతోంది. జానెడు కాగితం మీద తను కుడి ఎడమ చేశానని ఇరవై తొమ్మిదేళ్ళు కుమిలాడే, ఆ కొండకు తను పుట్టిన సంగతే తెలియదు. ఆయనకు భయమేసింది, వెంటనే ఎందుకో హాయిగా కూడా అనిపించింది.

పక్కన భార్య నిలబడి ఉంది. గొట్టమంత చూపుతో కొండను ఒక్కసారిగా చూడలేదు కదా, తల మెల్లగా తిప్పుకుంటూ అడుగు నుంచి శిఖరం దాకా, శిఖరం నుంచి నీళ్ళ దాకా ముక్కముక్కగా చూస్తోంది. ఎంతసేపైనా తనివి తీరడం లేదు. మేస్త్రి ఇక ఆగలేకపోయాడు.

"ఇదిగో, నీకొక మాట చెప్పాలి. మనింట్లో బొమ్మ తప్పు. కొండ ఇటు ఉండాలి, అటు పడింది. కందిరీగ కుట్టిన రోజు నేనే తిరగేశాను. ఇన్నేళ్ళూ చెప్పలేకపోయాను."

ఆవిడ చూపు కొండ మీంచి తీయలేదు. "తప్పేంటండీ? ఇలాగేగా ఉంటుంది!"

"కాదే, బొమ్మలో ఎడమవైపు..."

"మీరు కొట్టిన చోట ఆ బొమ్మ మనిషికి కనబడుతుందా? రోజూ పొద్దున బీరువా ముందు జడేసుకుంటూ అద్దంలో చూసేదాన్ని. నా భుజం పక్కన, ఇదిగో, ఇటే ఉండేది కొండ." ఆవిడ చెయ్యెత్తి చూపించింది. వేలు సూటిగా చీలిక మీదికే వెళ్ళింది. "మలుపు తిరగగానే గుర్తుపట్టాను. కాకపోతే ఇంత ఉంటుందని అనుకోలేదు. అమ్మో, ఎంతుందండీ!"

మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పైన చూపుతావులో గైడు ఈల వేసింది, ఆఖరి బస్సుకు పిలుపు. ఇద్దరూ కదల్లేదు.

కాసేపటికి ఆవిడ అంది, "ఇక నాకు అద్దం అక్కర్లేదులెండి."

ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే, కొండవైపే చాపి ఉంది. నొప్పి పుడుతుందేమోనని మేస్త్రి ఆ మోచేతి కింద తన చెయ్యి ఆనించి పట్టుకున్నాడు.