వీధి అరుపును నమ్ముకున్న ఎవరిస్తో

మేమంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఎవరిస్తో దగ్గర టెస్టరు లేదు. ముప్పై నాలుగేళ్ళుగా సాన్ పెద్రోలో మా వీధి కరెంటు పనులన్నీ ఆయనవే. మా వీధే ఆయన టెస్టరు. కరెంటు పోయాకే పనిలోకి దిగుతాడు. అది రాగానే ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం "వచ్చిందీ" అని అరిచి చప్పట్లు కొడతారు కదా, అంతవరకూ భయం లేదంటాడు.

అరుపు కరెంటు తర్వాత కదా వచ్చేది అని ఒకసారి అడిగాను. అందుకే ముందుగా ఎండు కర్రతో, ఇంటి తీగను స్తంభానికి తగిలించే కొక్కెం ఊడదీస్తానని చెప్పాడు. ఇంతవరకూ ఒక్కసారి కూడా షాకు కొట్టలేదని గొప్ప. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, కానీ ఏ ఇంట్లో ఫ్యాను ఆగినా అందరం పరిగెత్తేది ఆయన దగ్గరికే.

నాది బ్యూటీ పార్లరు. నిరుడు నా ఇన్వర్టరు బిగించింది ఆయనే. కరెంటు పోగానే ముందు వీధి స్విచ్చు, అంటే బయటి తీగను ఇంటికి కలిపేది, దించి, తర్వాతే ఇన్వర్టరు వెయ్యమన్నాడు. రెండూ ఒకేసారి కలవకుండా అడ్డుపడే పిడి ఒకటుంటుందట. "నీకు బుర్రుందిగా ఫియోర్దలీసా, పిడెందుకు?" అన్నాడు. నేను పొంగిపోయాను. ఎప్పుడైనా మరిచిపోతే, నా బ్యాటరీల కరెంటు వీధిలోకి పారి, వీధి బరువంతా మీద పడి ఇన్వర్టరు కీచుమని ఆగిపోయేది. అప్పుడు నాలుక కరుచుకుని స్విచ్చు దించేదాన్ని.

ఆ గురువారం మధ్యాహ్నం కరెంటు లేదు. పక్కింటి పెద్దావిడ దోన్యా కొన్సువెలో కప్పు మీద తీగల ముడిని ఉప్పుగాలి తినేసిందని ఎవరిస్తో ఎక్కాడు. మా రెండిళ్ళకూ స్తంభం నుంచి ఒకటే తీగ. అది ఆవిడ కప్పు మీదికి వచ్చి, అక్కడ చీలి నా ఇంటికి వస్తుంది. ఆయన కర్రతో కొక్కెం ఊడదీశాడు, కొన్సువెలో ఇంటి మెయిన్ దించాడు, ముడి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు వేసినట్టే వెనక్కి పడి, కప్పు మీద కూలబడ్డాడు.

వీధిలో ఒక్క అరుపు లేదు. ఎదురు కొట్టులో ఫ్రిజ్ చప్పుడు లేకుండా పడుకునే ఉంది. ఎవరిస్తో నిచ్చెన దిగి, తీగకేసి చూశాడు, స్తంభంకేసి చూశాడు. తీగ కొస గాలిలో వేలాడుతోంది. దేనికీ తగలని తీగ కరిచింది. కొన్సువెలో తన చనిపోయిన మొగుడిపని అంది, బతికినన్నాళ్ళూ కప్పు మీదికి ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదట. ఎవరిస్తో భార్య తోమాసా, పొద్దున్న కాఫీ తప్ప ఏమీ తినలేదు, కళ్ళు తిరిగి ఉంటాయంది.

"చేతులు చచ్చాయేమో" అన్నాడు ఎవరిస్తో, కుడిచేతి వేళ్ళు ముడుస్తూ. చూపుడువేలి చివర నల్లగా కాలింది. "లేని కరెంటు తగిలిందంటే నాకిక పనికి పోయే ముఖం లేదు. ఇంకోసారి ముట్టుకుంటే గానీ తేలదు."

తోమాసా వద్దంది. నేనూ వద్దన్నాను, కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఆయన మళ్ళీ నిచ్చెనెక్కుతున్నాడు.

కనీసం ఇంత రొట్టె తిని ఎక్కమందామని నేను ఇంట్లోకి వెళ్ళాను. గుమ్మంలోనే ఫ్యాను గాలి ముఖానికి కొట్టింది. జుట్టుకు రంగు పట్టించుకున్నామె దాని కింద హాయిగా కూర్చుంది. ఇన్వర్టరు కీచుమనలేదు, అంటే వీధి స్విచ్చు దించే ఉంటాననుకున్నాను. గోడకేసి చూస్తే ఎత్తే ఉంది. మరిచిపోతే ఆగిపోవాలి కదా, ఎందుకు ఆగలేదు? అప్పుడు గుర్తొచ్చింది. స్తంభం మీది కొక్కెం ఆయనే ఊడదీశాడు, నేను ఇన్వర్టరు వేసింది ఆ తర్వాతే. మోయడానికి వీధి లేదు. నా బ్యాటరీల కరెంటు పోయే చోటు ఒక్కటే, ఆ కప్పు మీది ముడి.

స్విచ్చు ఎలా దించానో తెలియదు. బయటికి వచ్చేసరికి ఎవరిస్తో రెండు చేతులతో ముడి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమీ లేదు" అన్నాడు కిందికి చూసి. ముఖంలో సంతోషం లేదు. "చేతులే పోయాయి నాకు."

నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం తన చేతులే పోయాయనుకుని బతుకుతాడు.

"చేతులు కాదు బాబాయ్, నా స్విచ్చు" అన్నాను. "ఇప్పుడే దించాను."

ఆయన కిందికి దిగాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా ఇంట్లోకి వచ్చి, గోడమీది రెండు స్విచ్చులనూ చాలాసేపు చూశాడు. ఆ మధ్య ఉన్న ఖాళీ మీద కాలిన వేలు పెట్టాడు. పిడి ఉండాల్సిన చోటు అది.

"పిడి లేకుండా ఇలా ఎన్నిళ్ళలో బిగించావు బాబాయ్?" అన్నాను.

ఎవరిస్తో అక్కడే కుర్చీలో కూలబడి, ఒక్కొక్క ఇల్లూ గుర్తు చేసుకుంటూ వేళ్ళు మడిచాడు. ఒక చెయ్యి అయింది. కాలిన చెయ్యి కూడా అయింది. తర్వాత నా చెయ్యి ఇటు ఇమ్మన్నాడు.