పేరు రాయని గడి

మా గురువు పోయిన వారం పోయాడు. ఆ కబురు ఫోన్లో చెప్పినవాడు మా మేనేజరు. "ఎంత గొప్పవాడండీ, పాపం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళ కిందట ఇదే నోటితో ఆ గొప్పవాణ్ణి "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నది ఈయనే. అలా అంటుంటే పక్కన నిలబడి గోళ్ళు గిల్లుకున్నవాణ్ణి నేను. కాబట్టి మండిపడే అర్హత నాకూ పెద్దగా లేదు.

ఆయనది తగరపువలస. ఉక్కు ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ బాగుచేస్తూ చాలా ఏళ్ళు పనిచేశాడు. రిటైరయ్యాక కంప్యూటర్లు నేర్చుకుని, ద్వారకా నగర్లో ఓడల సరుకు విడిపించే ఏజెంటు ఆఫీసులో కాంట్రాక్టు మీద మిషన్లు చూసేవాడు. నేను ఆనందపురం నుంచి రోజూ బస్సెక్కి వచ్చి ఆయన దగ్గర పనిచేసేవాణ్ణి. అప్పటికే పెళ్ళయింది, చేతిలో డిప్లొమా ఉంది, దానికి తగ్గ పొగరూ ఉంది. మొదటిరోజు ఆ కాగితం చూపిస్తే ఆయన తిప్పి కూడా చూడలేదు. "మడతెట్టి ఆ టేబులు కాలు కిందెట్టు, ఊగుతంది" అన్నాడు.

నోరు అంత చెడ్డది. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు గానీ, లేని మంచి నోరు నేనెక్కణ్ణుంచి తెచ్చేది? మనుషుల్ని పూచికపుల్లల్లా తీసిపారేసేవాడు. ఏది చెడిపోయినా ముందు స్విచ్చి ఆపి మళ్ళీ వేసేవాళ్ళంటే ఆయనకి మరీ అసహ్యం. "రీస్టార్ట్ సెయ్యడం రిపేరు కాదురా, దండం ఎట్టడం. ముందు లాగ్ సదువు, తర్వాత నోరు తెరు" అనేవాడు. లాగ్ అంటే మిషను తను చేసిన ప్రతి పనీ దానంతటదే రాసుకునే చిట్టా.

ఆఫీసులో పన్నెండు మిషన్లు, ఇంటర్నెట్టుకి ఒక్కటే ఫోను లైను. అందుకని మూలన ఓ పాత కంప్యూటరు డబ్బా పెట్టి దాన్ని ప్రాక్సీ సర్వరు చేశాడు. ఎవరైనా ఒక పేజీ అడిగితే అది బయటినుంచి తెచ్చిచ్చి, ఒక కాపీ తన దగ్గర దాచుకుంటుంది. ఇంకొకరు అదే పేజీ అడిగితే దాచిందే ఇస్తుంది. లైను మీద బరువు తగ్గుతుంది. మేనేజరు మిషను మాత్రం దీని గుండా పోదు, తనకి వేరే లైను వేయించుకున్నాడు. "పెద్దోళ్ళకి లైన్లో నిలబడ్డం నామోషీ కదేటి" అని నవ్వాడు గురువు.

ఆ సర్వరు పక్కన మేకుకి ఓ పొడుగాటి నోటుబుక్కు వేలాడేది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేవాడు తానేది ముట్టుకున్నాడో పుస్తకంలో రాయకుండా గేటు దాటేవాడు కాదట. ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చాడు. నాలుగు గడులు: తేదీ, టైము, ఏం చేశాం, పేరు. చిన్న సెట్టింగు మార్చినా రాయాల్సిందే. "అన్నం తినకపోయినా పర్లేదు, రాయకుండా మాత్రం ఎళ్ళకు" అనేవాడు. కిరాణా కొట్టు వాళ్ళలా ఈ పుస్తకమేంటని నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి ఆయన బంధువుల పెళ్ళికని రెండ్రోజులు రాలేదు. స్టాఫు మిషన్లలో నెట్టు నత్తలా పోతోందని మేనేజరు నా మీద అరిచాడు. నాకు పౌరుషం వచ్చింది. ఒకసారి తెచ్చిన పేజీని రోజంతా దాచుకుని, మళ్ళీ బయట అడక్కుండా అదే ఇమ్మని సర్వరులో మార్చేశాను. నెట్టు పరుగెత్తింది. "శభాష్" అని మేనేజరు భుజం తట్టాడు. ఆ శభాష్‌కి ఒళ్ళు తెలీలేదు. పుస్తకంలో రాయలేదు. నాలుగు ముక్కలు రాయడానికి బద్ధకం, అంతకుమించి కొవ్వు.

మా ఆఫీసులో గ్రేస్ అని ఒకమ్మాయి ఉండేది. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. పొద్దున్నే పోర్టువాళ్ళ పేజీ తెరిచి, ఏ ఓడ ఎప్పుడొస్తుందో చూసి, ప్రింటు తీసి, లారీలవాళ్ళకి కబురు చెప్పడం ఆమె పని. మర్నాడు ఓ ఓడ ఒకరోజు ముందే వచ్చేసింది. ఆమె చూసిన పేజీలో రేపు అనే ఉంది. లారీలు వెళ్ళలేదు, సరుకు ఓడలోనే ఉండిపోయింది. మేనేజరు తన మిషన్లో అదే పేజీ తెరిచి, "నాకు కనిపిస్తోందిగా! నీకెందుకు కనిపించదు? పేజీ చూడకుండానే చూశానని కోతలా?" అని అందరి ముందూ కడిగేశాడు.

"చూశాను సార్, నిజంగా చూశాను" అని ఆ పిల్ల ఏడ్చింది.

సాయంత్రానికి గురువు వచ్చాడు. "ఏటైనా ముట్టుకున్నావేట్రా?" అన్నాడు.

"లేదు గురువుగారూ."

ఆ మాట నోరు దాటుతుండగానే నాకు విషయం వెలిగింది. వెలిగినా నోరు మళ్ళీ తెరవలేదు. ఆయన పుస్తకం తీశాడు. అందులో ఏమీ లేదు. ఆయనకి ఆ పుస్తకమంటే దేవుడిమాట. "మిషన్ని ఎవుడూ ముట్టుకోలేదు. ఆ పిల్లే సూడలేదు" అని మేనేజరుకి చెప్పేశాడు. గ్రేస్‌ని ఇంటికి పంపేశారు.

తర్వాత రెండ్రోజులూ నేను ఏం చేశానంటే, సర్వరుని రీస్టార్ట్ చేస్తూ కూర్చున్నాను. అసలు సెట్టింగు వెనక్కి తిప్పుదామంటే ఆయన కంట పడుతుందని భయం. దాచిన పేజీలు డిస్కులో ఉంటాయి, రీస్టార్టుకి పోవని తెలుసు. తెలిసీ చేశాను. "దండాలయ్యాయేటి?" అన్నాడాయన వెటకారంగా. ఇంతకంటే నీచంగా మనిషి బతకగలడా అంటే, బతకొచ్చు, నేను బతికాను.

మూడోరోజు గ్రేస్ తన క్యారేజీ, బైబిలు పట్టుకుపోడానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ మడతపెట్టిన ఒక కాగితం గురువు చేతిలో పెట్టింది. "నేను తీసిన ప్రింటు, సార్. కింద టైము ఒక్కసారి చూడండి. మేనేజరుగారు చూడలేదు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. కాగితం అడుగున అచ్చయింది ఓడొచ్చిన రోజు పొద్దుటి టైము. పైనున్నది మాత్రం ముందురోజు జాబితా. నేరుగా వెళ్ళి సర్వరు ముందు కూర్చుని లాగ్ తీశాడు. ఆ టైముకి గ్రేస్ మిషను అడిగిన పేజీ పక్కన 'హిట్' అని ఉంది. బయటికి పోలేదు, దాచిందే ఇచ్చానని మిషను చెప్పుకునే మాట అది.

"మిషను రాసింది" అన్నాడు మెల్లిగా. "మడిసే రాయలేదు."

లేచి ఆఫీసు మధ్యకి వచ్చాడు. జన్మలో ఎవరికీ తల వంచని మనిషి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నువ్వు సూడలేదని నాను అన్నాను. నువ్వు సూసావు. సూడకుండా మాటాడింది నాను."

"ఎవడు మార్చాడు దాన్ని?" అని మేనేజరు అరిచాడు. నేను గోళ్ళు గిల్లుకుంటున్నాను.

"మిషను నాది, పుస్తకం నాది. లాగ్ సదవకుండా ఆ పిల్లని అంది నాను. ఇంకేటి కావాల నీకు?"

ఆయన్ని రావద్దన్నారు. గ్రేస్‌ని "సర్లే, కూర్చో" అన్నారు, క్షమాపణ లేదు పాడూ లేదు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కూర్చున్నాను కూడా, సిగ్గు లేకుండా.

ఆదివారాలు తగరపువలస వెళ్ళేవాణ్ణి. ఆయన టీ ఇప్పించేవాడు, లోకంలో ప్రతివాణ్ణీ తిట్టేవాడు. నన్ను మాత్రం ఆ రోజు తర్వాత ఒక్కమాట తిట్టలేదు. నేనూ పెద్దవాణ్ణయ్యాను, మర్యాద ఇస్తున్నాడని మురిసిపోయాను. ఎంత మొద్దునో చూడండి.

సంతాపసభలో మేనేజరు దండ వేసి, నిజాయితీ గురించి పావుగంట మాట్లాడాడు. గ్రేస్ వెనక వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. అయ్యాక గురువు భార్య నన్ను పక్కకి పిలిచి ఓ సంచి ఇచ్చింది. "ఇది నీకే ఇమ్మన్నారు బాబూ."

సంచిలో ఆ నోటుబుక్కు ఉంది, ఆఫీసు వదిలిన రోజు ఆయన మేకు మీంచి తీసుకుపోయిందే. ఇంటికొచ్చి ఆ నెల పేజీ తిప్పాను. నేను సెట్టింగు మార్చిన రోజుది ఆయన చేత్తో రాసిన ఒక వరుస ఉంది. తేదీ ఉంది. టైము నిమిషంతో సహా ఉంది, ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో మిషనే చెబుతుంది. మూడో గడిలో 'పేజీలు రోజంతా దాచమని మార్చడమైనది' అని ఉంది. ఆ రోజు ఆయన పెళ్ళిలో ఉన్నాడు, సర్వరు దగ్గర ఉన్నది నేనొక్కణ్ణే. నాలుగో గడి ఖాళీగా వదిలేశాడు.

ఏడేళ్ళు ఆ గడి నాకోసం అలాగే ఉంది.

నిన్న పొద్దున ఆ గడిలో నా పేరు రాసి, పుస్తకం తీసుకెళ్ళి గ్రేస్ టేబులు మీద పెట్టాను. ఏమిటన్నట్టు నాకేసి చూసి, కళ్ళజోడు పెట్టుకుంది. ఆమె వేలు తేదీ మీంచి టైము మీదికి, అక్కణ్ణుంచి ఆయన అక్షరాల మీదికి నెమ్మదిగా జరిగి, నా పేరు దగ్గర ఆగింది.