నామినేషన్ రోజు నేను చేసిన ప్రార్థన

మన బలహీనతలన్నీ ఎరిగి కూడా మనలను త్రోసివేయని దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి రాయడానికి నాకు ముఖం ఉండేది కాదు. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. నాచారంలో ఒక ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో పని, సంఘంలో యవ్వనస్థుల నాయకత్వం. బైబిలంతా నోటికి వచ్చునని నాకు పేరుండేది (ఆ పేరు మోయడంలో నేనెన్నడూ అలసిపోలేదు). ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర బయలుదేరి ప్రకటన గ్రంథం దాకా వెళ్లేవాణ్ణి. మధ్యలో ఎవరైనా కన్నీళ్లు పెడితే మళ్లీ నిర్గమకాండానికి తిరిగొచ్చేవాణ్ణి.

ఆ ఎన్నికల్లో నామినేషన్లకు చివరి రోజు శుక్రవారం. కంపెనీకి పవర్ హాలిడే కావడంతో స్త్రీల ఉపవాస ప్రార్థనలో డోలక్ వాయించడానికి మందిరానికి వెళ్లాను. పాస్టరయ్య దమ్మాయిగూడలో ఒక సమాధి కార్యక్రమానికి పోయారు. రెండు గంటలప్పుడు మా మాజీ ఎమ్మెల్యే తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చారు. ఒకసారి గెలిచి రెండుసార్లు ఓడిన మనిషి. గెలిచిన అయిదేళ్లలో మా బస్తీకి మంచినీళ్ల పైపు వేయించారు కాబట్టి మా ఆడవాళ్లు ఆయనను నీళ్ల సార్ అనేవారు. పార్టీ టికెట్ కోసం ఆ ఉదయం దాకా చూసి, రాకపోయేసరికి స్వతంత్రంగా నిలబడాలని కాగితాలు సిద్ధం చేసుకున్నారు. మూడు గంటల్లోగా వాటిని ఉప్పల్‌లోని ఆఫీసులో ఇవ్వాలి. "రెండు నిమిషాలు ప్రార్థన చెయ్ తమ్మీ, జల్ది పోవాలె" అని ఆ కవరు చేతిలో పట్టుకునే మోకరించారు.

రెండు నిమిషాలన్న మాట నాకు వినబడింది. కానీ ఒక నాయకుడు నా చేతి కింద తల వంచడం అదే మొదలు. సౌలు అభిషేకంతో ప్రారంభించి దావీదు మీదుగా సొలొమోను జ్ఞానానికి వచ్చాను. గర్వించిన రాజు గడ్డి మేసిన ఘట్టం కొంచెం వివరంగానే చెప్పాను (అభ్యర్థి ముందు అది అవసరమా అని తర్వాత మా అమ్మ అడిగింది). ఎలాగైనా నన్ను ఆపాలని బావమరిది గట్టిగా ఆమేన్ అన్నాడు. వెంటనే అరవై మంది ఆడవాళ్లు ఆమేన్ అన్నారు. పరిశుద్ధాత్మ బలంగా పని చేస్తున్నాడనుకుని నేను ఎస్తేరు గ్రంథంలోకి దిగాను. అతను రెండోసారి ఇంకా గట్టిగా అన్నాడు. వాళ్లు హల్లెలూయా అన్నారు. అరవై ఓట్ల ముందు ప్రార్థన మధ్యలో లేచిపోవడం ఏ అభ్యర్థికి సాధ్యం? నేను కళ్లు తెరిచేసరికి గోడ గడియారంలో రెండూ నలభై అయింది.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బండ్లు కదల్లేదట. సార్ దిగి పరుగెత్తినా నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. గేటు దగ్గరున్న పోలీసాయన ఒకప్పుడు ఆయనకే గన్‌మన్‌గా ఉన్నవాడు. సలాం కొట్టాడు కానీ గేటు తీయలేదు.

ఆదివారం ఆరాధన కాగానే క్షమాపణ అడిగి రమ్మని పాస్టరయ్య నన్ను చిల్కానగర్‌లో సార్ ఇంటికి పంపారు. గుమ్మంలోనే బావమరిది, "ఇంకేం మిగిలిందని వచ్చినవ్?" అన్నాడు. సార్ అతన్ని వారించి నన్ను కూర్చోబెట్టారు. నేను తల దించుకుని ఏదో గొణిగాను. ఆయన అన్నారు:

"గేటు సంగతి పోనీ తమ్మీ. అంతసేపు కండ్లు మూసుకొని విన్న. సొలొమోను వచ్చిండు, గడ్డి మేసిన రాజు వచ్చిండు. నా పేరు ఒక్కసారి గూడ రాలే. మర్సిపోయినవా?"

ఆ రోజు కళ్లు మూసుకున్నానే గాని, ఆ అరవై మంది నన్నెలా వింటున్నారన్న దాని మీదే నా మనసంతా ఉంది. దేవుడితో మాట్లాడుతున్నానన్న సంగతే మరిచాను.

"ఇప్పుడు జెయ్యి," అన్నారాయన. "నాకింక యాడికీ పోయేది లేదు."

మోకరించాను. ఒక్క వచనమూ గుర్తుకు రాలేదు. ఆయన పేరు చెప్పి, ప్రభువా ఈయనను ఓదార్చు అన్నాను. అంతే, ఆమేన్ అన్నాను.

ఆయన మళ్లీ ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. ఆ ఇరవై మూడేళ్ల పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వుతూనే తల వంగిపోతుంది. చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మీకు తెలిసిన ఓడిపోయిన మనిషి ఒకరి కోసం నాతో కలిసి ప్రార్థించండి. పొడుగ్గా వద్దు. పేరు మాత్రం చెప్పండి.