హీరోయిన్‌కి ఒకటే చీర

మా ఆయన తీసిన మొదటి సినిమాలో హీరోయిన్‌కి మొదటి నుంచి చివరిదాకా ఒకటే చీర. పసుపుపచ్చ మంగళగిరి నేత. కథ నడిచేకొద్దీ అది వెలిసిపోవాలి, దాంతోపాటే ఆ పిల్ల ఆశలూ. షూటింగ్ లేని రోజుల్లో గుణదలలో మా డాబా మీద ఆ చీరని ఆయనే ఉతికి ఎండేసేవారు. ఏనాడూ తన చొక్కా ఉతుక్కున్న మనిషి కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

నిర్మాతకి గవర్నర్‌పేటలో చీరల కొట్టు. సగం షూటింగయ్యాక, తీసినంతవరకూ చూసి, ఆటోలో చీరల మూటలు వేసుకుని మా ఇంటికొచ్చారు.

"సీనుకో చీర మార్చి మళ్లీ తీయండి. లేదంటే సినిమా ఆపేస్తా. చీరల కొట్టువాడి సినిమాలో హీరోయిన్‌కి రెండో చీర లేదంటే బజార్లో తలెత్తుకు తిరగగలనా?"

మా ఆయనకి వాదించడం చేతకాదు. అన్నం మానేసి పడుకున్నారు. ఎన్నేళ్లుగానో మోసుకు తిరిగిన కథ అది. చూడలేక మర్నాడు నేనే కొట్టుకెళ్లి, పరుపు మీద కూర్చుని, చీరలు చూపించమన్నాను.

ఆడమనిషి వచ్చి కూర్చుంటే నిర్మాతగారి చెయ్యి ఆగదు. చాలండీ అన్నా వినకుండా మడతలు విప్పుతూనే ఉన్నారు. ఇద్దరి మధ్యా గుట్ట పెరిగింది.

"అన్నయ్యగారూ, మీరు చూపించిన మూడో చీర ఏ రంగండీ?"

ఆయన గుట్టలో వెతకబోయారు.

"చూపించిన మీకే గుర్తు లేదు. అదే రెండు గంటలసేపు ఒకటే చీర చూసిన ఆడవాళ్లు, హాల్లోంచి బయటికొచ్చి ఏ చీర అడుగుతారంటారు?"

ఆయన చీరలు మడతపెట్టడం మొదలెట్టారు. "సరే, ఒకటే ఉంచమను" అన్నారు. ఊరికే మాత్రం పంపలేదు, నాకో చీర అంటగట్టి మరీ పంపారు.

సినిమా విడుదలైంది. హాలు గుమ్మంలోనే కొత్త పసుపుపచ్చ చీర కట్టిన బొమ్మ, పక్కన నిర్మాత కొట్టు బోర్డు. మా ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. "నా సినిమాని చీరల ప్రకటన చేసేశావు కదే" అని నాతో మాటలు మానేశారు. నేనూ తగ్గలేదు. కంచం పెట్టేదాన్ని గానీ పలకరించేదాన్ని కాదు.

వారం తిరక్కుండా నిర్మాత చెమటలు కక్కుతూ వచ్చారు. "బాబూ, కొట్టుకొచ్చిన ఆడవాళ్లకి కొత్త చీర చూపిస్తే ఇది కాదంటున్నారు. ఆఖరి సీన్లో రంగే కావాలట. నేతవాళ్లేమో అలాంటి రంగే లేదంటున్నారు. ఎక్కడ అద్దించావయ్యా?"

అన్నం తింటున్న మా ఆయన ముద్ద కంచంలో వదిలేశారు. "చీర వెలిసిపోవడం చూశారా అండీ వాళ్లు?"

"చూడ్డమేంటి, నా ప్రాణాలు తోడేస్తున్నారు."

మా ఆయన కళ్లు తుడుచుకుని లేచారు. నిర్మాత చెయ్యి పట్టుకుని డాబా మీదకి తీసుకెళ్లారు. ఎలా ఉతకాలో చూపించాలిగా. మెట్ల మీంచి వెనక్కి తిరిగి, అన్నాళ్లకి నాతో మాట్లాడారు.

"ఏమే, సబ్బు ఎక్కడుంది?"