పత్తి గదిలో ఉండిపోయిన కబడ్డీ ప్లేయరు

నిన్న వినుకొండలో అమ్మాయిల కబడ్డీ పోటీలు చూశాను. నీలం మ్యాటు, కాళ్లకు బూట్లు, మోకాళ్లకు ప్యాడ్లు. బడిలో మన జట్టంతా సున్నంతో గీసిన మట్టి కోర్టులో ఒట్టి కాళ్లతో ఆడేవాళ్లం, గుర్తుందా? ఓ అమ్మాయి కూత అందుకోగానే నాకు మా ఇంటి పత్తి గది గుర్తొచ్చింది.

తొమ్మిదో తరగతిలో నన్ను జిల్లా పోటీలకు ఎంపిక చేశారు. డ్రిల్లు టీచరు ఇంటికొచ్చి అడిగితే నాన్న ఒకటే మాట అన్నాడు: "నిక్కరేసుకుని పదూళ్లలో ఎగిరే పిల్లని రేపు ఎవడు చేసుకుంటాడండీ?"

జట్టు బయలుదేరే రోజు పొద్దున్నే నన్ను పత్తి నిల్వచేసిన గదిలోకి తోసి గొళ్లెం పెట్టాడు. ఆ ఏడాది పత్తి వాసాల దాకా ఉంది. ఎంత అరిచినా అరుపు అందులోనే ఇంకిపోయింది. మోకాలిలోతు కూరుకుపోతూ పైకి పాకి, కిటికీ ఊచలు పట్టుకున్నాను. వీధిలో వ్యాను ఆగి ఉంది. మన కెప్టెన్ మస్తాన్‌బీ తల బయటపెట్టి అరుస్తోంది.

"ఒసేయ్ పద్మా, ఎక్కడ చచ్చావే? రావే!"

"ఇక్కడున్నానే!" అన్నాను. ఇంజను మోతలో దానికి వినపడలేదు. వ్యాను వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మ తలుపు తీసి, నా జుట్టులో పత్తి ఏరుతూ ఏడ్చింది. నాకు జ్వరమొచ్చిందని మీ అందరికీ చెప్పాను కదా, అది అబద్ధం. మళ్లీ నేను కోర్టులోకి దిగలేదు.

నిన్న ఆట చూస్తూ నాకు తెలియకుండానే కూత పెట్టానట. పక్కనున్న మా ఆయన నవ్వారు.

"నీకెందుకే కబడ్డీ? ఎప్పుడన్నా ఆడిన మొహమేనా?"

ఇరవయ్యేడేళ్ల కాపురం. "లేదండీ" అన్నాను.