ఖాజా భాయ్ దించిన మెట్లు

నిన్న మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు ముందు నుంచి వెళ్తుంటే లోపల ఎవరో తబలాను సుత్తితో తడుతూ శ్రుతి చేస్తున్నారు. ఒక దెబ్బ, వేలితో ఒక మోత, మళ్లీ ఒక దెబ్బ. బండి పక్కకు ఆపి చాలాసేపు విన్నాను. ఇప్పుడు కచేరీలు మానేసిన ఒక జట్టు గుర్తొచ్చింది. సూర్యాపేట గాయకుడు సోమయ్యన్న, హార్మోనియం వాయించే ఖాజా భాయ్, తబలా నర్సింహన్న. ముగ్గురూ బడి ఈడు నుంచీ కలిసి తిరిగినవాళ్లు.

పత్రికలో చేరిన కొత్తలో సోమయ్యన్న మీద ఒక వ్యాసం రాశాను. అరవై దాటినా ఆయన ఇరవయ్యేళ్లప్పటి శ్రుతిలోనే పాడుతున్నారని అందులో గొప్పగా చెప్పాను. అది ఆయన మాటే. "నా శ్రుతి ఒక్క మెట్టు జారలే తమ్మీ. జారిన్నాడు పాట ఖతం, ఇగ ఇంట్ల కూసుంట" అన్నారు. పక్కనున్న ఇద్దరూ కిమ్మనలేదు. నేనూ వాళ్లను ఏమీ అడగలేదు.

అప్పటిదాకా శ్రుతి పట్టేది ఖాజా భాయ్ హార్మోనియమే. వ్యాసం చూసి మురిసిపోయిన సోమయ్యన్న కరెంటు శ్రుతిపెట్టె ఒకటి కొన్నారు. కోదాడలో ఒక షష్టిపూర్తికి కచేరీ ఉంటే నన్నూ రమ్మని వేదిక పక్కనే కూర్చోబెట్టారు. వేదిక మీద ఆ పెట్టెను తన పాత శ్రుతికి పెట్టి, "ఇయ్యాల్టి సంది నీ చేతులకు జర ఆరాం ర ఖాజా" అంటూ పాట ఎత్తుకున్నారు. ఖాజా భాయ్ వద్దని చెయ్యెత్తేలోపే పల్లవి మొదలైపోయింది. చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు అందలేదు. రెండోసారీ అందలేదు. 

"పెట్టె ఖరాబైనట్టుంది" అన్నారు సోమయ్యన్న.

"పెట్టె మంచిగనే ఉంది ర" అన్నారు ఖాజా భాయ్ మెల్లగా. "ఏడేండ్ల సంది నేనే నీ శ్రుతి దించుకుంట వస్తున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంట్ల కూసుంటనంటివి గద! నువ్వు కూసుంటే మేమేం జెయ్యాలె, ఈగలు తోలుకోవాల్నా?"

నర్సింహన్న తబలా మీద సుత్తి పెట్టి ఎటో చూస్తున్నారు. హార్మోనియం దించితే తబలా కూడా దించాలి. అంటే ఆయనకూ తెలుసు. ప్రతి కచేరీకి ముందు ఖాజా భాయ్ "టీ ఎట్లుందిర?" అని సోమయ్యన్నను అడగడం, ఆ వెంటనే నర్సింహన్నకు వేళ్లతో ఏదో చూపించడం వ్యాసం కోసం వాళ్ల కచేరీలకు తిరిగిన రోజుల్లో చాలాసార్లు చూశాను. అలవాటనుకున్నాను. ఆ ఒక్క జవాబులో స్నేహితుడి గొంతు ఆ పూట ఎక్కడిదాకా వెళ్తుందో విని, దానికి తగిన హార్మోనియం మెట్టు ఎంచుకునేవారట. ఏడేళ్లలో ఒక్కసారీ ఆ లెక్క తప్పలేదు. పాడే మనిషికే తెలియలేదు.

సోమయ్యన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. లేచి వెళ్లిపోతారనే అనుకున్నాను. ఇక ఆయన పాడరనీ అనుకున్నాను. ఆయన పెట్టె ఆపి మైకు దగ్గరకు తీసుకున్నారు.

"ఇన్నేండ్లు వీళ్లను నేనే ఎంటేసుకొని తిరుగుతున్న అనుకున్న. వీళ్లే నన్ను ఎత్తుకొని తిరుగుతున్రట" అన్నారు. తర్వాత ఖాజా భాయ్ వైపు తిరిగారు. "ఇంకొక్క మెట్టు దించు. ఇయ్యాల చాన పాటలున్నయ్."

మధ్యాహ్నం భోజనాలకు పిలిచేదాకా పాడారు. అంత నిమ్మళంగా ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత ఎంతోమంది పెద్దవాళ్ల గురించి రాశాను. వాళ్లు చెప్పింది రాసుకున్నాక వెంటనే లేచి రాను. వాళ్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషి ఎవరో కనుక్కుని, వెళ్లి ఆ మనిషి దగ్గర కూర్చుంటాను. తొందరపడి ఏమీ అడగను.